పోపుల డబ్బాలో నొప్పి బిళ్ళలు

మా ఇంట్లో పోపుల డబ్బాలు రెండుండేవి. ఒకటి స్టవ్ పక్కన, ఆవాలూ జీలకర్రా ఉండేది. రెండోది పై అరలో, మందులది. చుట్టూ ఉన్న ఆరు గిన్నెల్లో జ్వరానికి, జలుబుకి, తలనొప్పికి, గ్యాస్‌కి, విరేచనాలకి, ఎలర్జీకి. మధ్య గిన్నెలో నొప్పి బిళ్ళలు. అన్నీ గుంటూరులో మా తమ్ముడు కొనిపెడితే ఎవరో ఒకరి సూట్‌కేసులో గోంగూర పచ్చడితో పాటు అమెరికాలో మేముండే ట్రాయ్ దాకా వచ్చినవే. ఇక్కడ జ్వరమొస్తే డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేలోపు జ్వరం దానంతటదే పోతుంది. అందుకని మా వీధుల్లో తెలుగువాళ్ళు ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ముందు నాకే ఫోన్ చేసేవాళ్ళు. డాక్టరమ్మ అని ఎగతాళి చేసేవాళ్ళు కూడా. నాకది నచ్చేది. నచ్చలేదని ఇప్పుడు చెప్తే అబద్ధం అవుతుంది.

అసలు నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కార్లలో వాడే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం. నా పేరు సుభద్ర, వయసు నలభై ఏడు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ మొదలై పదకొండేళ్ళయింది. మనవాళ్ళు కీళ్ళవాతం అంటారు. ఒంట్లో శత్రువుల మీదికి పోవాల్సిన సైన్యం దారి తప్పి కీళ్ళ మీద పడుతుందని మొదటి రోజే చెప్పారు. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు. దానికి వారానికోసారి ఒక మందు, మరీ ముదిరితే కొన్నాళ్ళు స్టెరాయిడ్. ఇవి ఇక్కడి కీళ్ళ డాక్టరు రాసినవి. మధ్య గిన్నెలోది నేను రాసుకున్నది.

రెండేళ్ళ క్రితం ఆ డాక్టరే ఒక మాట అంది. ఈ వాపు కీళ్ళతో ఆగదు, లోపల రక్తనాళాల్లో కూడా ఉంటుంది, నీ వయసు వాళ్ళ కంటే నీకు గుండెజబ్బు ముప్పు ఎక్కువ, కొలెస్ట్రాల్ చూపించుకో, బీపీ గమనించుకో అని. నేను తలూపి వచ్చేశాను. లావుగా లేను, షుగర్ లేదు, మాంసం ముట్టను, మా వంశంలో గుండెపోటు ఎవరికీ లేదు. గుండెజబ్బంటే పొట్టలున్న మగవాళ్ళ వ్యవహారం అనుకున్నాను. మా ఆయన శ్రీధర్‌కి అప్పుడే కాస్త పొట్ట వచ్చింది, ఆయన్ని పరీక్షకి పంపించాను.

జూలై

వాసంతి గురించి ముందే చెప్పాలి. కరీంనగర్ అమ్మాయి, ముప్పై ఎనిమిదేళ్ళు, మా రెండు వీధుల అవతల ఉంటుంది. మేం పరిచయమైంది గుళ్ళోనో బర్త్‌డే పార్టీలోనో కాదు, కీళ్ళ డాక్టరు వెయిటింగ్ రూమ్‌లో. ఆమెకీ నా జబ్బే, వచ్చి మూడేళ్ళు. అప్పట్నుంచి నన్ను అక్కా అంటుంది.

జూలైలో ఒకరోజు ఫోన్ చేసి, చేతులు వాచి కారు స్టీరింగ్ తిప్పలేకపోతున్నానని ఏడ్చింది. డాక్టరు దగ్గర ఖాళీ మూడు వారాల దాకా లేదన్నారట. నేను పోపుల డబ్బా తీశాను. మధ్య గిన్నెలోంచి నాలుగు స్ట్రిప్పులు తీసి జిప్‌లాక్ కవర్లో వేసి ఇచ్చాను.

"రోజుకి రెండు, తిన్నాక. డాక్టరుకి చెప్పక్కర్లేదు, వీళ్ళకి మన మందులు తెలియవు" అన్నాను.

ఆ మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఆ తర్వాత నెలనెలా ఇస్తూ వచ్చాను, కొత్త సంవత్సరానికి మూడు నెలలవి ఒకేసారి ఇచ్చాను.

జనవరి, మంగళవారం

బయట పెట్టిన కారు అద్దం మీద మంచు గీకుతున్నాను. ఎడమ భుజం లాగింది. తర్వాత దవడ. చలికి కీళ్ళు పట్టేశాయి అనుకున్నాను. పదకొండేళ్ళుగా ఒంట్లో ఏ మూల ఏ నొప్పి వచ్చినా దానికి నా దగ్గర ఒకే జవాబు. లోపలికి వచ్చి నొప్పి బిళ్ళలు రెండు వేసుకున్నాను. ఛాతీలో కూడా మంటగా ఉందని గ్యాస్ బిళ్ళ ఇంకోటి. ఎనిమిదిన్నరకి ఇంట్లోంచే ఆఫీసు మీటింగ్‌లో కూర్చున్నాను. నా వంతు వచ్చినప్పుడు మాట్లాడాను కూడా, ఏం మాట్లాడానో తెలియదు.

పదిన్నరకి కీళ్ళ డాక్టరు దగ్గర మూడు నెలలకోసారి ఉండే మామూలు అపాయింట్‌మెంట్. అది ఆరోజే ఉండటం నా అదృష్టం. కాకపోతే ఇంట్లోనే హీటింగ్ ప్యాడ్ పెట్టుకుని పడుకునేదాన్ని. పదిహేను నిమిషాలు నేనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. ఆ పని ఎవరూ చేయకండి.

కౌంటర్ దగ్గర ఎప్పటిలాగే ఫారం ఇచ్చారు. వాడుతున్న మందులన్నీ రాయమని. ఎప్పటిలాగే వీళ్ళు ఇచ్చినవి రాశాను, మధ్య గిన్నెలోది వదిలేశాను. చేపల తొట్టి పక్కన కూర్చున్నాను. స్వెటర్ లోపల చెమట పట్టింది. ఎదురుగా చేతికర్ర పట్టుకుని ఒక అమెరికన్ పెద్దాయన కూర్చున్నాడు. నన్ను కాసేపు చూసి, లేచి, కర్ర ఆనించుకుంటూ కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె రంగు బాగోలేదు, ఒకసారి చూడండి అని చెప్పడం వినిపించింది. నా రంగు ఈయనకేం తెలుసు అనుకున్నాను. నర్సు వచ్చింది, చెయ్యి పట్టుకుంది, ఇక లేవనివ్వలేదు. ఆయన పేరేమిటో నాకు తెలియదు. తర్వాత అడిగితే పేషెంట్ల పేర్లు చెప్పకూడదన్నారు.

ఈసీజీ తీశారు. అంబులెన్స్ పిలిచారు. అంబులెన్స్‌లో కుర్రాడు అడిగాడు, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని. లేదన్నాను. ఎమర్జెన్సీలో డాక్టరు అడిగింది. లేదన్నాను. స్టెంట్ వేయడానికి తీసుకెళ్తూ ఇంకొకాయన అడిగాడు. అప్పుడూ లేదనే అన్నాను.

ఆఫీసులో ప్రోగ్రాం పాడైనప్పుడల్లా డెవలపర్లని మొదట నేను అడిగేది ఒకటే, చివరిగా ఏం మార్చారు అని. ఏమీ మార్చలేదండీ అంటారు. ఎప్పుడూ అదే మాట. మేం టెస్టర్లం పక్కకి పోయి నవ్వుకుంటాం. ఆ రోజు ఆ మాట నేనే మూడుసార్లు అన్నాను. ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. చావుభయం కంటే సిగ్గు ఎక్కువైంది. అంతకంటే పెద్ద కారణం దొరకలేదు.

హాస్పిటల్, మూడు రోజులు

రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందట, ఇంకొకటి కొంచెం. మొదటిదానికి స్టెంట్ వేశారు. నాకు గుర్తున్నది గది చల్లదనం, అక్కడివాళ్ళు ఏదో బాస్కెట్‌బాల్ ఆట గురించి మాట్లాడుకోవడం. వాళ్ళు అంత మామూలుగా మాట్లాడుతుంటే నాకు ధైర్యం వచ్చింది.

పొద్దున ట్రే తెచ్చిన నర్సు నా వేళ్ళు చూసింది. ఏమీ అడగలేదు. జ్యూస్ కప్పు మీది రేకు, వెన్న పొట్లం, పెరుగు డబ్బా, మూడూ విప్పి పెట్టి వెళ్ళింది. పదకొండేళ్ళలో నేను అడక్కుండా ఆ పని చేసింది ఆవిడొక్కతే. అప్పుడు ఏడ్చాను. ఛాతీ నొప్పికి ఏడవలేదు.

మధ్యాహ్నం ఫార్మసిస్టు వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, మందుల పట్టీ మళ్ళీ మొదట్నుంచీ చదివింది. శ్రీధర్ కిటికీ దగ్గర ఉన్నాడు. మా అమ్మాయి మేఘన నా కాళ్ళ దగ్గర కూర్చుంది. పదిహేనేళ్ళు, ఇక్కడే పుట్టింది.

"ఇవే కదా, ఇంకేమీ లేవు కదా?" అందావిడ.

లేవన్నాను.

"అమ్మా, పోపు బాక్స్ టాబ్లెట్స్ చెప్పలేదు నువ్వు" అంది మేఘన. తర్వాత ఆవిడ వైపు తిరిగి ఇంగ్లీషులో మొత్తం చెప్పేసింది. డబ్బా ఎక్కడుంటుందో, ఏ గిన్నెలో ఏముంటుందో, నేను రోజుకి ఎన్ని వేసుకుంటానో. పిల్ల లెక్కపెడుతోందని నాకు తెలియదు.

శ్రీధర్ గొంతు సవరించుకుని, "అది ఇండియన్ మెడిసిన్ లెండి, హెర్బల్ లాంటిది" అన్నాడు. పాపం, నన్ను కాపాడదామనే.

"హెర్బల్ కాదండీ" అన్నాను తెలుగులో. తర్వాత ఆవిడకి చెప్పాను. రోజుకి రెండు, చలికాలం మూడు, నాలుగేళ్ళ నుంచి.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. స్ట్రిప్ ఫోటో కావాలంది. శ్రీధర్ ఇంటికి వెళ్ళి తీసి పంపాడు. అది చూసి మెల్లగా చెప్పింది. స్టెంట్ వేశాక రక్తం పలచబడే మందులు ఇస్తారు, వాటితో పాటు ఈ బిళ్ళలు వేసుకుంటే కడుపులో రక్తస్రావం కావచ్చు. పైగా ఈ రకం నొప్పి మందులు రోజూ వాడితే బీపీ పెరుగుతుంది, గుండె మీద బరువు పడుతుంది, మీ జబ్బున్న వాళ్ళకి ఆ బరువు అసలే ఎక్కువ. ఇంటికెళ్ళి వేసుకునేవారా అని అడిగింది. వేసుకునేదాన్నే. ఆ సాయంత్రమే డబ్బా తెప్పిద్దామనుకున్నాను.

గుండె డాక్టరుని సూటిగా అడిగాను, ఈ బిళ్ళల వల్లేనా అని. జబ్బుది కొంత, స్టెరాయిడ్‌ది కొంత, చూపించుకోని కొలెస్ట్రాల్‌ది కొంత, బిళ్ళలది కొంత, ఎవరి వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు. నా వృత్తిలో అలాంటి రిపోర్టు ఇస్తే వెనక్కి పంపుతారు.

ఫార్మసిస్టు వెళ్ళేముందు ఇంకొక్కటి అడిగింది.

"ఇంట్లో ఇంకెవరైనా ఇవి వాడుతున్నారా?"

"ఇంట్లో ఎవరూ లేరు" అన్నాను.

ఆ జవాబులో అబద్ధం లేదు. మేఘన నా మొహంలోకి చూసింది.

ఫిబ్రవరి

ఇంటికొచ్చాక శ్రీధర్ వంట మొదలుపెట్టాడు. ఉప్పు లేని సాంబారు. మాట్లాడటం తగ్గించాడు. వారం తర్వాత గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"మూడుసార్లు అడిగారట. మూడుసార్లూ లేదన్నావట."

"భయమేసిందండీ."

"నాకు వెయ్యలేదా? ఫోనొచ్చినప్పుడు నేను ఫ్రీవే మీద ఉన్నాను. ఏ ఎగ్జిట్ తీసుకున్నానో కూడా నాకు తెలీదు సుభద్రా."

తప్పయిపోయిందన్నాను. ఆయన కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, పోపుల డబ్బా దింపాడు. మందులన్నీ ఒక కవర్లో పోసి పారేయడానికి తీసుకెళ్ళాడు. ఖాళీ డబ్బా సింకులో పెట్టాడు. ఆ రోజు నేను చాలాసేపు దానివైపు చూడలేదు.

జనం వచ్చారు, పళ్ళు తెచ్చారు. అందరూ ఒకటే అన్నారు, నువ్వు సన్నగా ఉంటావు కదా నీకెలా వచ్చింది అని. టెన్షన్ అని ఒకరు, దిష్టి అని ఒకరు. నేను అవునవునన్నాను. బిళ్ళల మాట ఎత్తలేదు.

వాసంతి గురువారం వచ్చింది. జొన్నరొట్టెలు తెచ్చింది, ఉప్పు తక్కువ వేసిన పప్పు తెచ్చింది. ఆ వాచే చేతులతో ఎలా తట్టావే రొట్టెలు అన్నాను.

"నీ గోలీలుండబట్టే ఆడుతున్నయక్కా చేతులు. లేకుంటే నాతోనేడ అయితది" అంది నవ్వుతూ.

నోట్లో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. చెప్పాల్సిన సమయం అదే. చెప్పలేదు. చెప్తే ఆమెకి రేపట్నుంచి నొప్పి మొదలవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నన్ను నమ్మి వేసుకుంటున్న మనిషి ముందు నేను తెలివితక్కువదాన్నని ఒప్పుకోవాలి, అదే నా వల్ల కాలేదు. మరుసటి గురువారం మళ్ళీ వచ్చింది, మళ్ళీ రొట్టెలు. మళ్ళీ చెప్పలేదు. రెండు గురువారాల మధ్య ఏడు రోజులు, రోజుకి రెండు బిళ్ళలు. ఆ లెక్క నా బుర్రలో నడుస్తూనే ఉంది.

ఆ రెండో గురువారం వాసంతి వెళ్ళాక మేఘన నా గదిలోకి వచ్చింది.

"వాసంతి ఆంటీకి తెలుసా, అమ్మా?"

"లేదు."

"షి హాజ్ ద సేమ్ థింగ్, కదా?"

అవునన్నాను. అది తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

మార్చి

మూడో గురువారం దాకా ఆగలేదు. బుధవారం నేనే నడుచుకుంటూ వాసంతి ఇంటికి వెళ్ళాను. రోజుకి ఇరవై నిమిషాలు నడవమన్నారు, అది పన్నెండు నిమిషాల దారి. ఆమె ఒక్కతే ఉంది, బట్టలు మడత పెడుతోంది. కూర్చోకముందే చెప్పడం మొదలుపెట్టాను. కూర్చుంటే చెప్పనని తెలుసు. బిళ్ళల సంగతి, హాస్పిటల్లో దాచిన సంగతి, ఫార్మసిస్టు అన్న మాటలు. డాక్టరుకి చెప్పక్కర్లేదని నీతో అన్నది కూడా నేనే, అది తప్పు అన్నాను.

ఆమె టవల్ మడత పెట్టి, ఇంకో టవల్ అందుకుని, అదీ మడత పెట్టింది.

"నీకు ఎప్పుడు తెలిసిందక్కా?"

"జనవరిలో."

"మొన్న వచ్చిన గద. అటుమొన్న గూడ వచ్చిన."

"అవును."

"పొద్దున గూడ ఏసుకున్న నేను" అంది. కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా కష్టమైంది.

మడత పెట్టినవన్నీ బుట్టలో సర్దింది. "ఒకటి అడుగుత, నవ్వకు. ఈ బుట్ట పట్టుకొని మెట్లెక్కితే ఆయాసం వస్తున్నది. రెండు నెలలాయె. బరువు పెరిగిన, అందుకే అనుకున్న. నీకు చెప్దామంటే, డాక్టరమ్మవి, గ్యాస్ గోలీ ఇస్తవనుకున్న."

నాకు నవ్వు రాలేదు. నిజంగానే గ్యాస్ బిళ్ళ ఇచ్చేదాన్ని. ఆమె మంచం మీద కూర్చున్నాను. అక్కడి నుంచే కీళ్ళ డాక్టరుకి ఫోన్ చేశాను. ఎవరికి, ఏం లక్షణాలు, ఏం మందు, ఎన్నాళ్ళు, రోజుకి ఎన్ని. ఒక్కటీ వదల్లేదు. ఇక ఆ బిళ్ళ ముట్టుకోవద్దు, ఛాతీలో నొప్పి వస్తే వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి, లేకపోతే రేపు పొద్దున్నే తీసుకురండి అన్నారు. మూడు వారాల దాకా ఖాళీ లేని చోట మర్నాడే ఖాళీ దొరికింది. ఉన్నది ఉన్నట్టు చెప్తే దొరుకుతుందని నాకు అన్నేళ్ళూ తెలియదు.

మీలో కీళ్ళవాతం ఉన్నవాళ్ళుంటే ఇంతే చెప్పగలను. గుండె సంగతి కూడా అడగండి, డాక్టరు అడగకపోయినా. బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి, సన్నగా ఉన్నా సరే. భుజం నొప్పి ప్రతిసారీ భుజానిది కాదు. డబ్బాలో ఏముందో, ఎవరు తెచ్చారో, రోజుకి ఎన్నో, అన్నీ చెప్పండి. వాళ్ళు తిట్టరు. తిడతారని నేననుకున్నాను, అంతే.

వాసంతికి గుండెపోటు రాలేదు. బీపీ బాగా ఎక్కువుందని, ఒంట్లో నీరు చేరిందని తేలింది. ఆ బిళ్ళలు మానేసి, మందులు మార్చాక ఆయాసం తగ్గింది. నొప్పి పెరిగింది. ఏప్రిల్ అంతా స్టీరింగ్ పట్టుకోలేకపోయింది, ఎక్కడికి వెళ్ళాలన్నా నేనే డ్రైవ్ చేశాను. కొత్త మందు ఇప్పుడిప్పుడే పనిచేస్తోంది. కొన్నాళ్ళు నాతో పొడిపొడిగా మాట్లాడింది. గురువారం రొట్టెలు ఆగిపోయాయి. ఇప్పుడు ఆదివారాలు మా ఇంట్లో నేను చేస్తున్నాను, నావి గుండ్రంగా రావు.

ఇవన్నీ తేలకముందు, నేను ఫోన్ చేసిన మర్నాడు గురువారం పొద్దున మేం చేపల తొట్టి పక్కన కూర్చున్నాం. కౌంటర్‌లో అమ్మాయి ఫారం ఇచ్చింది. వాసంతి పెన్ను పట్టుకోబోయింది, వేళ్ళు ముడుచుకోలేదు. ముందురోజు నుంచి బిళ్ళ లేదు కదా. ఫారం నా ఒళ్ళోకి తోసింది. పేరు, పుట్టిన తేదీ, ఆమె చెప్తుంటే నేను రాశాను. మందుల గళ్ళ దగ్గరికి వచ్చాం. వారం మందు రాశాను. దాని ఎదురుగా, ఎవరు రాశారు అన్న గడిలో డాక్టరు పేరు రాశాను. రెండో వరసలో నొప్పి బిళ్ళ పేరు రాశాను, అక్షరం అక్షరం, స్పెల్లింగ్ చూసుకుని. రోజుకి రెండు. జూలై నుంచి.

ఎవరు రాశారు అన్న గడి మిగిలింది.

"అది వదిలేయక్కా, అవసరం లేదు" అంది వాసంతి.

నా పేరు రాశాను. ఇంటిపేరుతో సహా.